పిన్ను పక్కన గీత

ఆయుధపూజ నాటి పొద్దున బొమ్మనహళ్ళిలో కదిరప్ప షెడ్డులో బల్ల మీద రెండు క్రాంకులు ఉన్నాయి. వాటిలో ఏది హర్షిత బండిలోకి పోవాలో మర్నాటి పొద్దుటికి అతను తేల్చాలి. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు కాబట్టి చూడటం తప్ప చేయడానికి ఏమీ లేదు.

మోటారుసైకిల్ క్రాంకు అంటే రెండు ఇనుప చక్రాలు, వాటిని కలిపే ఒక పిన్ను, పిన్నుకు తగిలించిన రాడ్డు. రాడ్డు పైకొసన పిస్టన్ ఉంటుంది. చక్రాల నడిమధ్య నుంచి పిన్ను ఎంత దూరంలో ఉంటే పిస్టన్ అంత పైకి పోయి అంత కిందికి దిగుతుంది. కంపెనీ పెట్టిన చోటు నుంచి పిన్నును బయటి వైపుకు జరిపి చేసినదాన్ని స్ట్రోకర్ క్రాంకు అంటారు. మూడొందల యాభై సీసీ బండి దాంతో నాలుగొందల పైచిలుకు సీసీ బండి అవుతుంది. లాగుడు పెరుగుతుంది. పిన్ను మీద పడే దెబ్బ కూడా పెరుగుతుంది. పిన్ను జారినా, చక్రం పగిలినా ఇంజను ఉన్నపళంగా బిగుసుకుపోతుంది, వెనక టైరు తిరగడం మానేస్తుంది. రేసులో గాలిని కోసుకుంటూ పోయే బండికి వెనక టైరు నిలిచిపోతే మీదున్న మనిషి ఏమవుతాడో కదిరప్ప ఎవరికీ చెప్పడు. వచ్చేవాళ్ళకు తెలుసు.

హర్షితకూ తెలుసు. ఆమె హూడిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. శని, ఆదివారాలు ఈ షెడ్డులో ఉంటుంది. రాబోయే ఆదివారం హోసూరు అవతల ఒక రన్‌వే మీద జరిగే డ్రాగ్ రేసులో పేరిచ్చింది. అందుకోసం ఆర్నెల్ల కిందటే తైవాన్ నుంచి స్ట్రోకర్ క్రాంకు తెప్పించుకుంది. అది కస్టమ్స్‌లో ఇరుక్కుంది. రేసు దగ్గర పడుతోందని కదిరప్ప చందాపురలో ఉన్న అంజినప్పకు చెప్పి ఇంకొకటి చేయించాడు. అంజినప్ప చేయడం ముగించిన వారానికి తైవాన్‌ది కస్టమ్స్ వదిలిపెట్టింది. అట్లా రెండూ వచ్చి బల్ల ఎక్కాయి.

"మీరే సెలెక్ట్ చేయండి అన్నా" అంది హర్షిత. "మీరు ఏది వేస్తే దాని మీద కూర్చుంటాను. ఏది వేశారో నాకు చెప్పకపోయినా పర్లేదు."

ఆమె ఆ మాట నవ్వుతూనే అంది. కదిరప్పకు అప్పటి నుంచి అన్నం సరిగ్గా దిగడం లేదు.

అంజినప్ప అతనికి మేనమామ. పిల్లనిచ్చిన మామ కూడా. ఇరవై ఏళ్ళ వయసులో కదిరప్ప బాగేపల్లి నుంచి వచ్చి పని నేర్చుకున్నది చందాపురలో ఆయన లేతు దగ్గరే. అత్తిబెలె నుంచి యశవంతపురం దాకా రేసు బండ్లు కట్టేవాళ్ళలో అంజినప్ప క్రాంకు వాడనివాళ్ళు తక్కువ. ఆయన కొత్త చక్రాల్లో పిన్ను రంధ్రాన్ని తొలిచి, పిన్నును ప్రెస్సు కింద పెట్టి ఒత్తేవాడు. రంధ్రం కంటే పిన్ను వెంట్రుకంత లావుగా ఉంటుంది. ఆ బిగువే దాన్ని పట్టి ఉంచాలి. కొంతమంది భయం కొద్దీ పిన్ను కొసన మూడు చుక్కలు వెల్డింగు పెడతారు. అంజినప్ప వాళ్ళను చూసి నవ్వేవాడు. "వెల్డింగు పెట్టేవాడు ప్రెస్సును నమ్మినోడు కాదప్పా, దేవుని మీద భారం వేసినోడు" అనేవాడు. ఆ పిన్ను గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగు వేడి తగిలితే దాని చుట్టూ చీలిక పుడుతుందని కదిరప్పకు చెప్పింది ఆయనే.

కొలతల ప్రకారం చూస్తే మామ చేసినదే మెరుగు. వంకరను చూపే డయల్ గేజి పెట్టి తిప్పితే తైవాన్ దానికంటే మామదానికి ముల్లు తక్కువ కదిలింది. ఈ ఇంజనుకు కొలిచి చేసింది కాబట్టి నేరుగా కూర్చుంటుంది. తైవాన్ దాని చక్రాలు పెద్దవి. అది పట్టాలంటే ఇంజను కేసు గోడను లోపల గీకాలి. గోడ పల్చబడుతుంది. ఇవన్నీ చూసుకుని, "మామదే వేస్తాను" అని కదిరప్ప ఇంట్లో చెప్పేశాడు. భార్య అంబిక ఆ మాటను వాళ్ళ నాయనకు అదే రోజు ఫోనులో చేరవేసింది.

అయినా ఒకటి అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. మామ క్రాంకులో పిన్ను చుట్టూ చక్రం అద్దంలా మెరుస్తోంది. అంజినప్ప ఎన్నడూ దేనికీ పాలిష్ పెట్టలేదు. లేతు గీతలు అట్లే ఉంచేవాడు. "పాలిష్ పెండ్లికూతురికి పెట్టండప్పా, క్రాంకుకు యాల?" అనేవాడు. మరి దీనికి ఎందుకు పెట్టాడు?

ఆ సంగతి తేల్చుకునే దారి ఒకటి ఉంది. అదీ మామ నేర్పిందే. ఇనుమును డీజిల్లో ముంచి, పొడిగుడ్డతో తుడిచి, ముగ్గుపిండి రాసి కాసేపు ఆగాలి. చీలిక ఉంటే దాంట్లో దూరిన డీజిల్ బయటికి వచ్చి పిండిని తడిపి గీత గీస్తుంది. తైవాన్ నుంచి వచ్చినదానికి కదిరప్ప పెట్టె విప్పిన రోజే పిండి రాసి చూశాడు. గీత రాలేదు. మామ దానికి రాయలేదు. ఇన్నేళ్ళలో మామ చేసిన ఏ క్రాంకుకూ రాయలేదు. రాస్తే మామను అనుమానించినట్టు. ఆ విషయం ఆయనకు తెలిసినా తెలియకపోయినా తనకు తెలుస్తుంది.

పూజకు వేళ అవుతోందని అంబిక కేకేసింది. ఆమె ఇంటి నుంచి చిత్రాన్నం, తీపి ఓళిగలు, బొరుగుల మూట తెచ్చింది. పక్క సందులో గార్మెంట్ ఫ్యాక్టరీ వాళ్ళు అప్పటికే స్పీకరు పెట్టారు.

"బావా, క్రాంకు కడిగినావా? నూనె ఉంటే విభూతి పట్టదు."

"కడగతా ఉండా."

కదిరప్ప మామ క్రాంకును డీజిల్ తొట్టెలో ముంచి తీసి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకునే బనీను పీలికలతో తుడిచి పీట మీద పెట్టాడు. బండిలోకి పోయేదానికి పూజ జరగాలి. చేసినవాడే దానికి విభూతి పెట్టాలి. ఈ షెడ్డులో అది మొదటి నుంచి ఉన్న పద్ధతి.

అంజినప్ప ఆటోలో వచ్చాడు. దిగేటప్పుడు కాలితో నేలను వెతుక్కున్నాడు. గడప దగ్గర జీన్స్ వేసుకుని, జుట్టు కత్తిరించుకుని నిలబడిన హర్షితను చూసి, షెడ్డులో పని చేసే కుర్రాడనుకుని, "ఏమప్పా నరేశూ, లావైనావే" అన్నాడు.

అందరూ నవ్వారు. హర్షిత అందరికంటే ఎక్కువ నవ్వింది.

"తాతా, నేను హర్షితని. లావైన మాట మాత్రం కరెక్టే."

"ఓహో, నువ్వా తల్లీ! హెల్మెట్ లేకుంటే గుర్తుపట్టలేను" అని అంజినప్ప కూడా నవ్వాడు.

కదిరప్ప పీట ముందు కూర్చుని క్రాంకును రెండు చేతులతో పట్టుకున్నాడు. అంజినప్ప విభూతిని నీళ్ళతో తడిపి, ఎడమ చేత్తో చక్రాన్ని తడిమి చూసుకుని, కుడిచేతి మూడు వేళ్ళతో ఒక పక్క మూడు గీతలు లాగాడు. తిప్పించి రెండో పక్కా లాగాడు. గీతలు పిన్ను కొస మీదుగా పోయాయి. అంబిక హారతి ఇచ్చింది. హర్షిత విభూతి ఆరేదాకా ఫోను దగ్గరగా పెట్టి ఫోటోలు తీసుకుంటూనే ఉంది. కదిరప్ప బూడిదగుమ్మడికాయను బండ్ల చుట్టూ తిప్పి సందు మొదట్లో పగలగొట్టి వచ్చాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. చేతులు కడుక్కుని మళ్ళీ పీట దగ్గరికి వచ్చేసరికి విభూతి ఆరి తెల్లబడింది.

ఒక చోట ఆరలేదు.

పిన్ను చుట్టూ గుండ్రంగా తడి ఉంటే చక్రానికీ పిన్నుకూ మధ్య సందులో చిక్కిన డీజిల్ అనుకోవచ్చు. ఇది గుండ్రం కాదు. పిన్ను అంచున మొదలై, గోటి కొన అంత వంగి, చక్రంలోకి పోయింది. కదిరప్ప చూస్తుండగా దాని కొస ఇంకొంచెం ముందుకు పాకింది.

అతను పక్కనున్న గిన్నెలో బొటనవేలు ముంచి గీత మీద కుంకుమ అద్దాడు. మళ్ళీ అద్దాడు.

"అంత బొట్టు ఎందుకు బావా? విభూతంతా మునిగిపోయె" అంది అంబిక.

"అన్నా, ఫోటోలో వైట్ మీద ఎంత బాగుండిందో" అని హర్షిత కూడా అంది. "పోనీలెండి, ముందే తీసుకున్నా."

కదిరప్ప వేలికంటిన కుంకుమను గుడ్డకు తుడుచుకున్నాడు. హర్షిత బొరుగులు తింటూ మర్నాటి సంగతి మాట్లాడింది. విజయదశమి పొద్దున ఇంజను మూస్తారు. తను వచ్చి ఒక బోల్టు తన చేత్తో బిగిస్తుంది. "తాతా, ఆదివారం మీరూ రావాలి. గెలిస్తే మీ క్రాంకు పేరు చెప్తాను." అంజినప్ప ఆమె తల మీద చెయ్యి వేయబోయాడు. చెయ్యి ముందు భుజానికి తగిలింది. అక్కడి నుంచి తలకు పోయింది.

ఆమె వెళ్ళాక భోజనాలు చేశారు. కదిరప్ప ఒక ఓళిగ తుంచి ఆకులోనే ఉంచాడు. అంబిక అతన్ని గమనించి షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వచ్చింది.

"ఏమైంది బావా?"

"ఏం లేదు."

"మనసు మారిందా? బయటిది వేద్దామనుకుంటా ఉండావా?"

"ఎవరన్నారు?"

"పొద్దున నుంచి నీ మొగం అంటా ఉండాది. బావా, చెప్తున్నా విను. సొంత అల్లుడే పక్కన పెట్టినాడని తెలిస్తే రేపు మా నాయన దగ్గరికి ఎవురు వస్తారు? ఆయనకు ఆ లేతు తప్ప ఏముండాది? అమ్మ పోయినాక దానితోనే మాట్లాడతా ఉండాడు."

కదిరప్ప చేతులు కడిగినవే మళ్ళీ కడిగాడు. కుళాయి దగ్గర నిలబడే అతనికి ఒక దారి కనిపించింది. రేపు తెల్లవారక ముందే వచ్చి కేసు గోడ గీకి, తైవాన్‌ది వేసి ఇంజను మూసేస్తే సరి. మూసిన ఇంజనులో ఏ క్రాంకు ఉందో బయటి నుంచి ఎవరికీ కనిపించదు. మామది ఎక్కడో ఒక గోనెసంచిలో పడి ఉంటుంది. హర్షిత ప్రాణం దక్కుతుంది. మామ మర్యాద దక్కుతుంది. చెప్పకపోయినా పర్లేదని ఆ అమ్మాయి తనే అంది కదా.

ఆ ఆలోచన అతన్ని కాసేపు నిలబెట్టింది. షెడ్డులోకి తిరిగి వచ్చి మామ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంజినప్ప గోడకు ఆనుకుని వక్కాకు నములుతున్నాడు.

"పండగ పోనీ అప్పా, ఇంకా రెండు చెయ్యాల" అన్నాడు ఆయన. "ఈ పాప గెలిచిందంటే ఇంకా వస్తారు. మొన్న మాలూరు నుంచి ఒగడు వచ్చి తీసుకపోయె. దానికీ ఇట్లే పాలిష్ పెట్టిస్తి. ఇప్పటి పిల్లోండ్లకు మెరిస్తేనే నచ్చుతుంది."

అట్లా మెరిసే క్రాంకు ఇంకొకటి మాలూరులో తిరుగుతోంది. కదిరప్పకు కుళాయి దగ్గర కనిపించిన దారి అక్కడితో మూసుకుపోయింది.

"మామా" అన్నాడు. "పిన్నుకు వెల్డింగు పెట్టినావా?"

అంజినప్ప నమలడం ఆపాడు.

"ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి యాల అడుగుతావు?"

"పెట్టినావా, లేదా?"

"పెట్టేవాణ్ణి చూసి నవ్వేవాణ్ణప్పా నేను. నన్నే అడుగుతా ఉండావా?" గొంతు పెరిగింది. అంబిక గిన్నెలు సర్దుతున్నది ఆపి ఇటు చూసింది. "బయటి సరుకు వచ్చినాక మామ చేసింది చేదైందా? అదన్నా చెప్పు, సరిపాయె. పండగ పూట గలాటా ఎందుకు?"

"గీత వచ్చింది మామా."

"ఏం గీత?"

"విభూతిలో. పిన్ను పక్కన. గుండ్రం వదిలి చక్రంలోకి పోయింది. నేనే కుంకుమ పెట్టి మూసినాను."

అంజినప్ప లేచి పీట ఉన్న దిక్కుకు నడిచాడు. పీట కాలికి తగిలాక వంగాడు. క్రాంకును ఒళ్ళోకి తీసుకుని కూర్చుని, పైపంచెతో చక్రాన్ని మొత్తం తుడిచాడు. కుంకుమ, విభూతి అన్నీ పోయాయి.

"ముగ్గుపిండి తే" అన్నాడు.

అంబిక గడప దగ్గర ముగ్గు వేసి మిగిలిన డబ్బా తెచ్చింది. అంజినప్ప పిండి తీసుకుని అరచేత్తో పిన్ను చుట్టూ రాశాడు. ఎక్కువైనది ఊదాడు. ఆ పని ఆయన చేతులు ఎప్పటిలాగే చేశాయి. తర్వాత క్రాంకును వెలుతురు వచ్చే వైపుకు తిప్పి, మొగం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తల ఒక పక్కకు వంచి చూశాడు. ఇంకో పక్కకు వంచి చూశాడు. చూపుడువేలు పెట్టబోయి, పిండి చెదురుతుందని తీసేశాడు.

"యాడుండాది?" అన్నాడు.

కదిరప్ప తన వేలు దగ్గరగా పెట్టి చూపించాడు. గీత మళ్ళీ వచ్చింది. పొద్దున చూసినదానికంటే సన్నగా ఉంది, కానీ అదే వంపు, అదే చోటు.

"నాకేం కనపడలా. లేదు."

"ఉండాది మామా."

"నువ్వు ఉండాదంటావు. నేను లేదంటాను. బయటిది వెయ్యాలని నీ మనసులో ఉంటే నీకు గీతలే కనపడతాయి." ఆయన ఊపిరి పెద్దగా తీసుకున్నాడు. "అంబికా, నువ్వు రా. నువ్వు చెప్పు. గీత ఉండాదా?"

అంబిక కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. కదిరప్ప ఆమె మొగం చూడలేదు. పక్క సందులో స్పీకరు పాట మారింది. ఆమె వంగి చూసింది. క్రాంకు పని తెలియని మనిషికి కూడా కనిపించే గీత అది. పిండి తెల్లగా ఉంది, గీత నల్లగా ఉంది. గీతను చూశాక ఆమె తండ్రి కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు గీత ఉన్న చోటును చూడటం లేదు. దానికి బెత్తెడు పక్కన చూస్తున్నాయి. పొద్దున ఆటో దిగినప్పుడు కాలు, హర్షితను నరేశ్ అనడం, ఆకులో ఓళిగ ఎక్కడుందని చేత్తో వెతుక్కోవడం, అన్నీ ఆమెకు ఒకేసారి అర్థమయ్యాయి.

"ఎన్నాళ్ళ నుంచి నాయనా?" అంది.

"నేనడిగింది అది కాదు. గీత ఉండాదా, లేదా?"

గీత లేదని ఆమె అంటే ఆయన నమ్ముతాడు. కదిరప్పకు అది తెలుసు. అంబికకూ తెలుసు.

"ఉండాది నాయనా" అంది.

అంజినప్ప క్రాంకును కింద పెట్టాడు. అరచేతిలో పిండిని పంచెకు రాసుకున్నాడు. ఎవరూ మళ్ళీ అడగకుండానే చెప్పాడు.

"కంట్లో పొర వచ్చింది. ఉగాదికి ముందు నుంచే ఉండాది. గుడ్డోని దగ్గరికి క్రాంకు కోసం ఎవురు వస్తారప్పా? అందుకని చెప్పలా. డయల్ గేజి ముల్లు చూడనీకి టీ అంగడి కెంపమ్మను పిలుస్తా ఉంటి. ముల్లు ఇంత కదిలిందన్నా, అని గోరు చూపించేది. ఆయమ్మ చేత గేజి చదివించి రాగి సుత్తితో సరిచేస్తి. ఆ కొలత తప్పలేదు, నువ్వే చూసినావు."

"తప్పలేదు మామా. తైవాన్ దానికంటే బాగుండాది."

"ప్రెస్సు ఎక్కించే దినం కెంపమ్మ ఊరికి పోయింది. ప్రెస్సు గేజిలో ముల్లు నాకు కనపడలా. చేత్తోనే ఒత్తినాను. ఇన్నేండ్ల చెయ్యి కదా, తెలుస్తుందిలే అనుకుంటి. ఒత్తినాక సాలిందో లేదో అని బేజారు పట్టుకునె. నిద్ర పట్టలా. మర్నాడు మూడు చుక్కలు పెట్టిస్తి. గీకి పాలిష్ పెట్టిస్తి, నీకు కనపడకుండా." ఆయన ఆగాడు. "నువ్వు పిండి రాస్తావనుకుంటి. రాస్తే గీత వస్తే నువ్వే చెప్తావు, రాకుంటే భయం లేదు, అనుకుని ఇచ్చి పంపిస్తి. బయటిదానికి రాసినావా?"

"రాసినాను."

"నాదానికి యాల రాయలేదు?"

"నీదానికి ఎట్ల రాస్తాను మామా?"

"రాయాల్సింది" అన్నాడు అంజినప్ప.

కదిరప్ప తల దించుకున్నాడు. హర్షితను కాపాడాల్సిన పని మామ అతని మీద వదిలాడు. అతను మామ మీద వదిలాడు. మధ్యలో ఆ అమ్మాయి ఫోటోలు తీసుకుని, బొరుగులు తిని వెళ్ళింది.

"ఆ పాపకు ఫోన్ కలుపు" అన్నాడు అంజినప్ప.

"నేను చెప్తాలే మామా."

"చేసింది నేను. కలుపు."

అంబిక నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, తండ్రి ముందు పట్టుకుంది.

"తల్లీ, నేను చందాపుర తాతని. నేను చేసిన క్రాంకు నీ బండికి వద్దు."

"ఏమైంది తాతా?" హర్షిత ఎక్కడో రోడ్డు మీద ఉంది. హారన్లు వినిపిస్తున్నాయి.

"పగిలింది. పిన్ను దగ్గర చీలిక ఉండాది. రేపు కదిరప్ప బయటిది వేస్తాడు."

"పగిలిందా? పొద్దున పూజ చేశాం కదా. ఎప్పుడు చూశారు?"

"పూజలోనే చూసినాడు మీ అన్న. కుంకుమ పెట్టినాడు."

హారన్ల మధ్య ఆమె బండి ఆపిన చప్పుడు వినిపించింది.

"అన్నకివ్వండి" అంది హర్షిత.

కదిరప్ప ఫోను తీసుకున్నాడు. స్పీకరు ఆపలేదు.

"అన్నా, ఆ గీత నా ఫోటోలో కూడా ఉంటుందా?"

"ఉంటుంది."

"నాకు ఎప్పుడు చెప్దామనుకున్నారు?"

కదిరప్ప నోరు తెరిచాడు. కుళాయి దగ్గర అనుకున్నది చెప్పాలంటే చెప్పొచ్చు. బయటిదే వేసేవాణ్ణి, నీకేం కానిచ్చేవాణ్ణి కాదు అనొచ్చు. అది నిజమే. కానీ ఆమె అడిగింది అది కాదు.

"చెప్పకపోయినా పర్లేదని నేనే అన్నాను కదా" అంది హర్షిత. "అట్లా అనకూడదని ఇప్పుడు తెలిసింది. రేపు పొద్దున వస్తాను. ఆ తైవాన్‌దాన్ని మూయొద్దు. పిండి నేను రాసి చూస్తాను. కేసు గోడ మీరు గీకాక అదీ చూస్తాను. అప్పుడు మూద్దాం."

"సరేమ్మా."

ఆమె ఫోను పెట్టేసింది. ఇంతకుముందు ఆమె ఎప్పుడూ, "బై అన్నా" అనకుండా పెట్టలేదు.

అంబిక గిన్నెల వైపు పోబోయి ఆగింది. కదిరప్ప అడగాల్సింది ఇంకొకటి ఉంది. మాలూరు మాట విన్నప్పటి నుంచి అది గొంతులో ఉంది.

"మామా, కళ్ళు పోయినాక ఎన్ని చేసినావు?"

"అదే లెక్క వేసుకుంటా ఉండా" అన్నాడు అంజినప్ప. కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నప్పుడు ఆయన ఎప్పటి అంజినప్పలాగే ఉన్నాడు. "ఉగాదికి చేసింది సర్జాపుర పిల్లోనిది. అది కెంపమ్మ ఉన్నప్పుడే ఎక్కించింది, చుక్కలు లేవు. దాని తర్వాతవి మూడు. అవీ కెంపమ్మ లేనప్పుడు ఎక్కించినవే, వాటికీ చుక్కలు పెట్టిస్తి. చందాపురలోనే మోహన్‌కుమార్. హొసకోటె పెద్దమునియప్ప కొడుకు. మొన్నటి మాలూరోడు."

"వాళ్ళు రేసుకు వస్తారా?"

"మాలూరోడు ఆదివారం వస్తాడు. మిగతావాళ్ళు దినమూ తిరిగే బండ్లకే వేసుకున్నారు."

దినమూ తిరిగే బండ్లు అంటే హోసూరు రోడ్డు. లారీల మధ్య. కదిరప్ప ఫోను తీశాడు.

"నేను మాట్లాడతా. వాళ్ళందరూ నాకూ తెలుసు."

"నువ్వు చెప్తే బయటి సరుకు అమ్ముకోనీకి చెప్తా ఉండావనుకుంటారు" అన్నాడు అంజినప్ప. "సుమ్నే ఊరక కూర్చో. అంబికా, నంబరు కలుపు. నాకు అంకెలు కనపడవు."

ఆ మాట ఆయన కూతురితో మొదటిసారి అన్నాడు.

మోహన్‌కుమార్ ఎత్తాడు. పండగ శుభాకాంక్షలు చెప్పబోయాడు. అంజినప్ప చెప్పనివ్వలేదు. "అప్పా, నేను చేసిన క్రాంకు పిన్ను దగ్గర పగలొచ్చు. బండి తియ్యొద్దు. ఇంజను విప్పించుకో" అన్నాడు. అవతల నుంచి నవ్వు వినిపించింది. ఎగతాళి అనుకున్నాడు. అంజినప్ప మళ్ళీ చెప్పాడు. ఈసారి నవ్వు రాలేదు. "ఇంతకాలం చెప్పలేదే అంజినప్పా? నేను నా కూతుర్ని ఎక్కించుకుని తిరుగుతా ఉండా" అన్నాడు మోహన్‌కుమార్. ఇంకా ఏమేమో అన్నాడు. అంజినప్ప అన్నీ విన్నాడు. అంబిక ఫోను కొంచెం దూరం జరపబోతే ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

హొసకోటె ఫోను పెద్దమునియప్పే ఎత్తాడు. కొడుకు నిద్రపోతున్నాడన్నాడు. "లేపి బండి తాళం నువ్వు తీసి పెట్టుకో" అన్నాడు అంజినప్ప. కారణం చెప్పాడు. పెద్దమునియప్ప ఒక్క మాట అడిగాడు. "కండ్లకు చూపించుకున్నావా?" లేదన్నాడు అంజినప్ప. "చూపించుకో మొదట" అని అతను పెట్టేశాడు.

మాలూరు నంబరు మోగింది. మోగి మోగి ఆగిపోయింది. అంబిక మళ్ళీ కలిపింది. మళ్ళీ ఆగిపోయింది.

"పండగ కదా, గుడికి పోయి ఉంటాడు" అంది.

"బండి మీద పోయి ఉంటాడు" అన్నాడు అంజినప్ప.

కదిరప్ప లేచి జాకెట్ తీసుకున్నాడు. మాలూరు రోడ్డు అతనికి తెలుసు, ఆ పిల్లవాడి ఇల్లు తెలియదు. ఊళ్ళో ఎవరినైనా అడగొచ్చు. టైరు కింద పెట్టిన నిమ్మకాయను కాలితో తోసి బండిని బయటికి తీశాడు. పండగనాడు పూజ చేసిన బండిని అట్లా తీయకూడదని అంబిక అనలేదు.

అతను కిక్కు కొట్టేటప్పుడు వెనక నుంచి మామ గొంతు వినిపించింది.

"ఇంగోసారి కలుపు తల్లీ. ఎత్తేదాకా కలుపుతానే ఉండు."